సమాన గుర్తులు ఒకే గీతలో నిలవాలంటే

ప్రశ్న: పదో తరగతికి గణితం చెబుతాను. నోట్సు, ప్రశ్నపత్రాలు వర్డ్‌లో నేనే టైపు చేసుకుంటాను. లెక్కలో ఒక్కో మెట్టునూ ఒక్కో ఈక్వేషన్‌గా పెట్టి, = గుర్తులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా స్పేస్ బార్ కొట్టి సర్దుతాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తాయి. ప్రింటుకు జిరాక్స్ షాపుకు తీసుకెళ్తే చెదిరిపోతున్నాయి. జత సమీకరణాల లెక్కల్లో ఎక్స్ కింద ఎక్స్, వై కింద వై అసలు కుదరడం లేదు. భిన్నాలు ఒకచోట పెద్దగా, ఇంకోచోట బాగా చిన్నగా వస్తున్నాయి. కొన్నింటికి పైభాగం తెగిపోతోంది. సమీకరణాలకు కుడివైపు (1), (2) అని నంబర్లు ఎలా ఇవ్వాలో కూడా చెప్పగలరు.

సమాధానం:

టీచర్ గారూ,

మీరు రాసిన వాటిలో మూడు ఇబ్బందులకు మూలం ఒక్కటే, స్పేస్ బార్. వరుసలు చెదరడానికీ, ఎక్స్ కింద ఎక్స్ కుదరకపోవడానికీ అది కారణమని మీకు ఇప్పటికే అనుమానం ఉండి ఉంటుంది. భిన్నాలు చిన్నవైపోవడానికి కూడా చాలాసార్లు అదే కారణం. పైభాగం తెగడం మాత్రం వేరే సంగతి. దాని గురించి తర్వాత చెబుతాం.

వర్డ్‌లో ఈక్వేషన్‌కు రెండు రూపాలు ఉన్నాయి. పేరాలో అదొక్కటే ఉంటే డిస్‌ప్లే రూపం. భిన్నాలు నిండుగా వస్తాయి, సిగ్మా హద్దులు గుర్తుకు పైనా కిందా కూర్చుంటాయి. అదే పేరాలో ఈక్వేషన్ గడి బయట ఇంకేదైనా ఉంటే, అది ఒక మాటైనా, ఫుల్‌స్టాప్ అయినా, ఉత్త స్పేస్ అయినా సరే, వర్డ్ దాన్ని వాక్యంలో భాగంగా తీసుకుని ఇన్‌లైన్ రూపంలోకి మార్చేస్తుంది. అప్పుడు వరుస ఎత్తు పెరగకుండా భిన్నాన్ని కుదిస్తుంది, సిగ్మా హద్దుల్ని పక్కకు జరుపుతుంది. మీరు = గుర్తును కుడికి జరపడానికి గడికి ముందు నాలుగు స్పేస్‌లు కొట్టిన వరుసల్లోనే భిన్నాలు చిన్నగా ఉన్నాయేమో ఒకసారి చూడండి. స్పేస్ కొట్టని వరుసల్లో పెద్దగానే ఉంటాయి. పైగా స్పేస్ వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది. షాపు కంప్యూటరులో మీ తెలుగు ఫాంటు లేకపోతే వర్డ్ దాని బదులు మరొకటి పెడుతుంది. దాంతో మీరు సర్దిన కొలతలన్నీ తప్పుతాయి.

కాబట్టి లెక్క మొత్తాన్ని ఒకే ఈక్వేషన్ గడిలో పెట్టి, ఎక్కడ కలపాలో వర్డ్‌కే చెప్పాలి. ఉదాహరణకు ఈ లెక్క తీసుకుందాం. ఇక్కడ చరరాశుల్ని తెలుగులో రాస్తున్నాం గానీ మీరు ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాలే టైపు చేయాలి.

3(ఎక్స్ − 2) + 5 = 2ఎక్స్ + 7
3ఎక్స్ − 1 = 2ఎక్స్ + 7
ఎక్స్ = 8

ఖాళీ పేరాలో కర్సర్ పెట్టి, ఆల్ట్ పట్టుకుని = నొక్కండి. ఈక్వేషన్ గడి వస్తుంది. మొదటి వరుస టైపు చేశాక ఎంటర్ కొట్టకండి, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. ఉత్త ఎంటర్ కొడితే పేరా మారిపోతుంది. పేరా మారితే రెండు వరుసలకూ సంబంధం తెగిపోతుంది, ఆ తర్వాత వాటిని ఒకదానితో ఒకటి కలపడం వర్డ్‌కు సాధ్యం కాదు. షిఫ్ట్ ఎంటర్‌తో అయితే మూడు వరుసలూ ఒకే కుటుంబంగా ఉంటాయి. మూడూ పూర్తయ్యాక వాటన్నింటినీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో 'అలైన్ ఎట్ =' అని ఉంటుంది. దాన్ని నొక్కగానే మూడు = గుర్తులూ ఒకే నిలువు గీతలోకి వస్తాయి. తర్వాత ఏ వరుసలో ఏ అంకె మార్చినా అవి కదలవు. ఆ మాట జాబితాలో కనిపించలేదంటే వరుసల మధ్య ఎక్కడో ఉత్త ఎంటర్ పడి ఉంటుంది.

పాత నోట్సులో విడివిడిగా ఉన్న వరుసల్ని కూడా ఇలా ఒక చోటికి తేవచ్చు. మొదటి సమీకరణం చివర షిఫ్ట్ ఎంటర్ కొట్టి కొత్త వరుస తెరిచి, రెండో సమీకరణం లోపల ఉన్నదంతా కట్ చేసి అక్కడ పేస్ట్ చేయండి. గడితో సహా కాకుండా లోపలి భాగం మాత్రమే తీసుకోవాలి.

ఘనపరిమాణం లాంటి లెక్కల్లో వరుసలన్నీ = తోనే మొదలవుతాయి. వ్యాసార్ధం 7, ఎత్తు 12 ఉన్న శంకువుకు చూడండి.

= 1/3 × 22/7 × 7 × 7 × 12
= 22 × 7 × 4
= 616

దీనికి షిఫ్ట్ ఎంటర్ ఒక్కటే చాలు. గడి కుడి అంచున ఉన్న చిన్న బాణం నొక్కితే జస్టిఫికేషన్ అని ఉంటుంది. అందులో మామూలుగా ఉండేది 'సెంటర్డ్ యాజ్ గ్రూప్'. అంటే వరుసల ఎడమ అంచులు కలిసి, గుంపు మొత్తం పేజీ మధ్యకు వస్తుంది. ఎవరైనా దాన్ని ఉత్త 'సెంటర్డ్'గా మారిస్తే ప్రతి వరుసా విడిగా మధ్యకు పోయి, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. నోట్సుకు ఎడమవైపు ఉంటేనే పిల్లలకు రాసుకోవడానికి వీలని మా అభిప్రాయం. అందుకు 'లెఫ్ట్' ఎంచుకోండి. గమనించాల్సింది ఏమిటంటే, డిస్‌ప్లే ఈక్వేషన్ మీద హోమ్ ట్యాబ్‌లోని లెఫ్ట్, సెంటర్, రైట్ బొత్తాలు పనిచేయవు. దాని జస్టిఫికేషన్ దానిదే. ఫైలు మొత్తానికి ఒకేసారి మార్చాలంటే ఈక్వేషన్ ట్యాబ్‌లో కన్వర్షన్స్ అనే భాగం మూలనున్న చిన్న బాణం నొక్కండి. అక్కడ డిఫాల్ట్ జస్టిఫికేషన్‌తో పాటు, పొడవైన సమీకరణం రెండో వరుసకు మళ్లినప్పుడు గుర్తు ముందు విరగాలా తర్వాత విరగాలా అనేది కూడా నిర్ణయించుకోవచ్చు. మన పాఠ్యపుస్తకాల అలవాటుకు గుర్తు ముందు విరగడమే బాగుంటుంది, కొత్త వరుస + తోనో = తోనో మొదలవుతుంది.

ఇక మీ అసలు చిక్కు జత సమీకరణాలు. చరరాశిని తొలగించే పద్ధతిలో వరుసలు ఇలా రావాలి కదా:

8ఎక్స్ + 12వై = 52
15ఎక్స్ − 12వై = −6
23ఎక్స్ = 46

ఇక్కడ = ఒక్కటే కలిస్తే సరిపోదు. 8 కింద 15లోని 5 రావాలి, ఎక్స్ కింద ఎక్స్, వై కింద వై రావాలి. దీనికి 'అలైన్ ఎట్ =' చాలదు, ఈక్వేషన్ అరే (పదాల్ని నిలువు వరుసల్లో పేర్చే అమరిక) కావాలి. గడి తెరిచి బ్యాక్‌స్లాష్ కొట్టి, వెంటనే ఖాళీ లేకుండా ఇ, క్యూ, ఎ, ఆర్, ఆర్, ఎ, వై అనే ఏడు ఇంగ్లీషు అక్షరాలూ చిన్నబడిలో టైపు చేసి, స్పేస్ కొట్టండి. అది █ అనే నల్లని దిమ్మెగా మారుతుంది. ఆ తర్వాత బ్రాకెట్ తెరిచి ఇలా టైపు చేయండి:

█(8&ఎక్స్+&12&వై&=&52@15&ఎక్స్-&12&వై&=&-6@23&ఎక్స్&&&=&46)

బ్రాకెట్ మూశాక స్పేస్ కొడితే మూడు వరుసలుగా విచ్చుకుంటుంది.

ఇందులో @ అంటే కొత్త వరుస. & గుర్తు పని మాత్రం కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి, అందరూ తడబడేది ఇక్కడే. వరుసలో ఎడమ నుంచి లెక్కపెడితే 1, 3, 5 సంఖ్యల్లో వచ్చే & కలిసే చోటు. అన్ని వరుసల్లోనూ ఆ చోటు ఒకే నిలువు గీత మీద పడుతుంది. 2, 4 సంఖ్యల్లో వచ్చే & ఖాళీ పెరగగల చోటు. వరుస మొదట్లో కనిపించని ఖాళీ ఒకటి ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు మొదటి వరుస చూడండి. 8 తర్వాతి & మొదటిది, కాబట్టి అక్కడ గీత. 8 గానీ 15 గానీ దానికి ఎడమవైపు ఆనుకుని నిలుస్తాయి, అందుకే ఒకట్లస్థానం కింద ఒకట్లస్థానం వస్తుంది. + తర్వాతిది రెండోది, అక్కడ అవసరమైతే ఖాళీ పెరుగుతుంది. 12 తర్వాతిది మూడోది, మళ్లీ గీత. వై తర్వాతిది నాలుగోది, ఖాళీ. = తర్వాతిది ఐదోది, గీత. మూడో వరుసలో వై పదం లేదు కదా అని ఆ & లను వదిలేస్తే 46 పక్క = గుర్తు ఎడమకు జారిపోతుంది. పదం లేకపోయినా దాని & ఉండాల్సిందే. అందుకే ఎక్స్ తర్వాత వరుసగా మూడు & ఉన్నాయి. ప్రతి వరుసలోనూ & లు అయిదే ఉన్నాయో లేదో స్పేస్ కొట్టే ముందు వేలు పెట్టి లెక్కపెట్టుకోండి, తొంభై పాళ్ల తప్పులు అక్కడే దొరుకుతాయి.

52, −6, 46 కూడా కుడివైపు సమంగా రావాలంటే = తర్వాత && పెట్టి, సంఖ్య చివర ఇంకో & చేర్చండి, =&&52& అన్నట్టు. ఆరో & ఖాళీ ఇస్తుంది, ఏడోది సంఖ్య చివర గీత గీస్తుంది.

⇒ గుర్తులు ఎడమ అంచున ఒకే వరుసలో ఉండాలన్నా ఇదే కిటుకు. ⇒ ఉన్న వరుసను &⇒&3ఎక్స్&=9 అనీ, లేని వరుసను &&3ఎక్స్+1&=10 అనీ రాయండి. ⇒ ఉన్న లెక్కలకు 'అలైన్ ఎట్ =' మీద ఆధారపడకండి. ⇒ కూడా = లాంటి సంబంధ గుర్తే కాబట్టి కలిపే చోటు మీరే చెప్పడం మేలు.

రెండో వరుస కింద కూడిక గీత కావాలంటే మాత్రం అరేలో కుస్తీ పట్టకుండా పట్టిక వేసి, రెండో అడ్డువరుసకు కింది బార్డర్ ఒక్కటే ఉంచి మిగతా బార్డర్లు తీసేయండి.

ఇవన్నీ టైపు చేసేటప్పుడు కీబోర్డు ఇంగ్లీషులో ఉండాలి. యూనికోడ్ వాడుతుంటే విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే భాష మారుతుంది. అను ఫాంట్లు వాడుతుంటే ఆ కీబోర్డును ముందు ఆపేయండి, లేకపోతే బ్యాక్‌స్లాష్ ఆదేశాలు ఏవీ పనిచేయవు. తెలుగు మాటల్ని వీలైనంతవరకు ఈక్వేషన్ గడిలోకి తేకండి. గణిత గుర్తులకు వర్డ్ వాడే కేంబ్రియా మ్యాథ్ ఫాంటు తెలుగు కోసం చేసింది కాదు, ఒత్తులూ గుణింతాలూ విడిపోయే ప్రమాదం ఉంది. 'శంకువు ఘనపరిమాణం' అని పై పేరాలో రాసి, కింది పేరాలో = తో మొదలుపెట్టడం శుభ్రంగా ఉంటుంది. తప్పనిసరైతే ఆ మాటను జంట కొటేషన్ గుర్తుల మధ్య టైపు చేసి స్పేస్ కొట్టండి. అది మామూలు పాఠంగా మారుతుంది, అప్పుడు దానికి గౌతమి, నిర్మలా యూఐ వంటి తెలుగు ఫాంటు ఇవ్వవచ్చు.

భిన్నాల పైభాగం తెగడం దగ్గరకు వద్దాం. గౌతమి లాంటి తెలుగు ఫాంట్లలో వరుసల మధ్య దూరం చాలా ఎక్కువ. అది తగ్గించడానికి చాలామంది పేరా సెట్టింగ్స్‌లో లైన్ స్పేసింగ్‌ను 'ఎగ్జాక్ట్‌లీ' అని పెట్టి 16 పాయింట్లో 18 పాయింట్లో ఇస్తారు. తెలుగు పాఠానికి అది సరిపోతుంది. భిన్నానికి అంతకంటే ఎత్తు కావాలి, ఎగ్జాక్ట్‌లీ అంటే వర్డ్ ఒక్క పాయింటు కూడా ఎక్కువ ఇవ్వదు, మిగిలింది కోసేస్తుంది. లవం సగం తెగి కనిపించేది అందుకే. ఈక్వేషన్ ఉన్న పేరాలకు విడిగా ఒక స్టైల్ చేసుకోండి. లైన్ స్పేసింగ్ 'సింగిల్', ముందు 6 పాయింట్లు, తర్వాత 6 పాయింట్లు. పాఠం పేరాలకు పాత సెట్టింగ్ అలాగే ఉంచుకోవచ్చు. వాక్యం మధ్యలో భిన్నం వచ్చే పేరాకు 'ఎట్ లీస్ట్' ఎంచుకోండి. అప్పుడు తక్కువలో తక్కువ ఆ దూరం ఉంటుంది, అవసరమైన వరుసకు మాత్రం పెరుగుతుంది.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఒకటి ఉంది. ఈక్వేషన్ పక్కన మామూలు పాఠానికి పొరపాటున కేంబ్రియా మ్యాథ్ ఫాంటు అంటుకుంటే ఆ వరుసకు పైనా కిందా బోలెడంత ఖాళీ వస్తుంది. ఆ ఫాంటు ఎత్తు కొలతలు అలాంటివి. ఆ ఖాళీ ఉన్న పేరాను, చివరి పేరా గుర్తుతో సహా సెలెక్ట్ చేసి మామూలు ఫాంటు ఇస్తే పోతుంది.

నంబర్ల విషయానికి వస్తే, వర్డ్ 2016 తర్వాతి కొత్త బిల్డ్‌లలో, మైక్రోసాఫ్ట్ 365లో ఒక తేలిక మార్గం ఉంది. ఈక్వేషన్ చివర, గడి లోపలే #(1) అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. సమీకరణం మధ్యలో ఉండి (1) కుడి అంచుకు వెళ్తుంది. అయితే గడి మొత్తానికి ఒకే నంబరు వస్తుంది. రెండు వరుసల అరేకు ఇలా ఇస్తే (1) రెండింటి మధ్యలో నిలబడుతుంది, వరుసకొక నంబరు రాదు.

జత సమీకరణాలకు వేర్వేరు నంబర్లే కావాలి కాబట్టి మీకు పట్టికే నయం. మూడు నిలువు గడులు, ఎన్ని సమీకరణాలుంటే అన్ని అడ్డువరుసలు. మొదటి గడిలో = కు ఎడమవైపు భాగం, రెండో గడిలో = తో మొదలయ్యే భాగం, మూడో గడిలో నంబరు. ఒక్కో గడిలోనూ ఈక్వేషన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి డిస్‌ప్లే రూపం చెడదు, భిన్నాలు కుదించుకుపోవు. మొదటి గడి ఈక్వేషన్‌కు జస్టిఫికేషన్ 'రైట్', రెండో దానికి 'లెఫ్ట్' పెట్టండి. నంబరు గడికి హోమ్ ట్యాబ్‌లోని రైట్ బొత్తాం చాలు, అది మామూలు పాఠమే. పట్టిక గడులకు వర్డ్ ఎడమా కుడీ 0.19 సెంటీమీటర్ల అంచు వదులుతుంది. అందువల్ల = కు ముందు కొంచెం ఎడం ఎక్కువగా కనిపిస్తుంది. టేబుల్ ప్రాపర్టీస్‌లో ఆప్షన్స్ తెరిచి ఆ రెండూ 0 చేయండి. గడుల నిలువు అమరిక 'సెంటర్' చేస్తే భిన్నం ఎంత ఎత్తున్నా నంబరు దాని నడుముకు ఎదురుగా ఉంటుంది. చివర బార్డర్లన్నీ తీసేయండి.

ఒంటి సమీకరణాన్ని పేజీకి సరిగ్గా మధ్యలో పెట్టి నంబరివ్వాలంటే కూడా మూడు గడులే, కానీ కొలతలు వేరు. ఏ4 కాగితానికి రెండువైపులా 2.54 సెంటీమీటర్ల మార్జిన్ వదిలితే మిగిలే వెడల్పు 15.92. దాన్ని 1.6, 12.72, 1.6గా పంచండి. ఎడమ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడి ఎందుకని తీసేస్తే సమీకరణం మధ్యలో కాకుండా ఎడమకు ఒరుగుతుంది, కుడివైపు నంబరు గడికి అది తూకం. ఇలా తయారైన పట్టికను ఒకసారి సెలెక్ట్ చేసి ఆల్ట్ + ఎఫ్3 నొక్కి ఒక పేరు ఇచ్చి దాచుకోండి. తర్వాత ఆ పేరు టైపు చేసి ఎఫ్3 కొడితే పట్టిక తయారుగా వస్తుంది.

నంబర్లు చేత్తో వేస్తే మధ్యలో ఒక సమీకరణం చేర్చినప్పుడు అన్నీ తిరిగి దిద్దాలి. రెండు పేజీల ప్రశ్నపత్రానికి అది పెద్ద పని కాదు. అధ్యాయం నోట్సుకైతే రిఫరెన్సెస్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్ ద్వారా, లేబుల్ 'ఈక్వేషన్' ఎంచుకుని, మూడో గడిలో నంబరు పెట్టండి. చేర్పులూ తీసివేతలూ అయ్యాక కంట్రోల్ + ఎ, ఆ వెంటనే ఎఫ్9 నొక్కితే అన్నీ వరుసలో సర్దుకుంటాయి.

ట్యాబ్ కీతో మధ్యకు, కుడికి జరిపి నంబరు పెట్టే పద్ధతి మీకు ఎవరైనా చెప్పవచ్చు. అది వద్దు. ట్యాబ్ కూడా గడి బయటి అక్షరమే, వెంటనే ఈక్వేషన్ ఇన్‌లైన్ అయి భిన్నాలు మళ్లీ చిన్నవవుతాయి.

మీ స్కూల్లో లిబ్రె ఆఫీస్ ఉంటే అక్కడ పద్ధతి వేరు. రైటర్‌లో ఎఫ్, ఎన్ అని రెండు అక్షరాలు టైపు చేసి ఎఫ్3 కొడితే నంబరుతో సహా ఫార్ములా గడి సిద్ధమవుతుంది. = గుర్తులు కలపడానికి ఫార్ములాలో మ్యాట్రిక్స్ ఆదేశం వాడాలి. అక్కడ గడికీ గడికీ మధ్య #, వరుసకూ వరుసకూ మధ్య ##. = ఒక్కటే ఉన్న గడిలో దానికి రెండువైపులా ఖాళీ పుష్పబ్రాకెట్లు పెట్టి {}={} అని రాయాలి. ఆ గుర్తుకు అటూ ఇటూ ఏదో ఒకటి ఉండాలని ఆ ప్రోగ్రాం పట్టుబడుతుంది, లేకపోతే తలకిందుల ప్రశ్నార్థకం చూపిస్తుంది. గూగుల్ డాక్స్‌లో ఇలా కలిపే సదుపాయం లేదు, పట్టికే గతి.

షాపుకు మాత్రం వర్డ్ ఫైలు ఇవ్వకండి. ఫైల్, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్‌గా దాచి అది ఇవ్వండి, వాట్సాప్‌లో పిల్లలకు పంపేది కూడా అదే. ఫాంట్లు పీడీఎఫ్ లోపలే ఉంటాయి కాబట్టి అక్కడ ఏ కంప్యూటరున్నా అక్షరం కదలదు.

పాత ప్రశ్నపత్రాలు తెరిచినప్పుడు ఈక్వేషన్ బొత్తాం బూడిదరంగులో ఉండి పనిచేయకపోతే, ఆ ఫైలు 2007కు ముందటి రకానిది అన్నమాట. ఫైల్, ఇన్ఫో, కన్వర్ట్ అని నొక్కి కొత్త రకంలోకి మార్చుకోండి. అందులోని పాత సమీకరణాలు ఈక్వేషన్ ఎడిటర్ 3.0తో చేసినవైతే కనిపిస్తాయి గానీ దిద్దడం కుదరకపోవచ్చు. భద్రతా లోపం వల్ల మైక్రోసాఫ్ట్ ఆ ఎడిటర్‌ను 2018 జనవరి అప్‌డేట్‌తో తీసేసింది. మైక్రోసాఫ్ట్ 365లో అలాంటి సమీకరణం మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కొత్త రూపంలోకి మార్చమంటారా అని అడుగుతుంది. మార్చే ముందు ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకుని, మారాక ఘాతాంకాలూ వర్గమూలాలూ పాత కాపీతో పోల్చి చూసుకోండి.